పొద్దున కనపడని యారాడ కొండ పదకొండింటికి ఎలా కనపడుతోంది? వైజాగ్ చలికాలపు గాలి మీద చర్చ

మల్కాపురం మేడ | జనవరి 5, ఉదయం 8.10

మాది మల్కాపురం వైపు, మూడో అంతస్తు. డిసెంబరు మొదలైనప్పటి నుంచీ పొద్దున బాల్కనీలోకి వస్తే ఎదురుగా ఉండే యారాడ కొండ కనపడదు. అంతా బూడిదరంగు, గొంతులో గరగర. పదకొండు దాటేసరికి కొండ మీద చెట్లు కూడా విడివిడిగా కనపడతాయి. మళ్ళీ రాత్రి తొమ్మిదింటికి మొదలు.

నా సందేహం ఏమిటంటే, ఫ్యాక్టరీలు ఇరవై నాలుగ్గంటలూ నడుస్తాయి. బళ్ళు పగలే ఎక్కువ తిరుగుతాయి. మరి పగలు బాగుండి, అందరూ పడుకున్నాక గాలి చెడిపోవడం ఏమిటి? మా అపార్ట్‌మెంట్‌లో అందరిదీ ఒకటే మాట: రాత్రిపూట అడిగేవాళ్ళు ఉండరని పొగ ఎక్కువ వదిలేస్తున్నారట. నిజమేనా?

ఇంకొకటి. మా నాన్నగారు తెల్లవారుజామున ఐదింటికే వాకింగ్‌కి బయల్దేరతారు. ఆ వేళకి గాలి స్వచ్ఛంగా ఉంటుందని ఆయన నమ్మకం. ఆయాసం ఉన్న మనిషి. ఆపమనాలా?

కంచరపాలెం కుర్రాడు | జనవరి 5, ఉదయం 8.32

మా వీధిలోనూ అదే టాక్ అన్నా. మా ఇంట్లో డాబా మీద తెల్ల చొక్కా ఆరేయడం ఎప్పుడో మానేశారు. అమ్మ ఇప్పుడు కొనేవన్నీ ముదురు రంగులే.

బెలూన్ తాత | జనవరి 5, ఉదయం 10.05

రాత్రిపూట ఎవరూ చిటికెడు కూడా ఎక్కువ వదలకపోయినా మీరు చెప్పినదంతా జరుగుతుంది.

నేను వాతావరణ శాఖలో బెలూన్లు వదిలే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. వైజాగ్, హైదరాబాద్ లాంటి కేంద్రాల్లో రోజుకు రెండుసార్లు, ఉదయం 5.30, సాయంత్రం 5.30 లెక్కకు బెలూన్ వదులుతారు. దానికి వేలాడే చిన్న పెట్టె పైకి పోతూ ఏ ఎత్తులో ఎంత వేడి, ఎంత తేమ ఉన్నాయో రేడియోలో కిందికి చెబుతూ ఉంటుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లబడాలి, సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున. ఎందుకంటే ఎండ వేడెక్కించేది ముఖ్యంగా నేలని. నేల తనకి ఆనుకున్న గాలిని వేడెక్కిస్తుంది. వెచ్చబడిన గాలి తేలికై పైకి లేస్తుంది, పొగను కూడా వెంటబెట్టుకుని పోతుంది.

చలికాలం రాత్రి ఇది తిరగబడుతుంది. మబ్బు ఉండదు, గాలి కదలదు, రాత్రి పొడుగు. నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేసి చల్లబడిపోతుంది. దాన్ని అంటిపెట్టుకున్న గాలీ చల్లబడుతుంది. ఓ రెండొందల మీటర్ల పైన గాలి మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. తెల్లవారుజాము బెలూన్ గ్రాఫులో ఎడమకు వాలాల్సిన ఉష్ణోగ్రత గీత కింది భాగంలో కుడికి తిరుగుతుంది. కింద చల్లటి బరువు గాలి, పైన వెచ్చటి తేలిక గాలి. కింది గాలి ఇక లేవదు, గిన్నె మీద మూత పెట్టినట్టే. పాఠ్యపుస్తకంలో ఉష్ణోగ్రతా విలోమం అని చదివి ఉంటారు, మేం ఇన్‌వర్షన్ అనేవాళ్ళం.

లెక్క చూడండి. మధ్యాహ్నం పొగ కలవడానికి కిలోమీటరున్నర ఎత్తు దొరికిందనుకుందాం. తెల్లవారుజామున దొరికేది నూట యాభై మీటర్లు. పొగ అంతే, చోటు పదో వంతు. ఘనపు మీటరు గాలిలో ధూళి పదింతలవుతుంది. ఇందులో ఎవరి కుట్రా అక్కర్లేదు.

మన ఊరికి ఇంకో అదృష్టం కూడా ఉంది. దక్షిణాన యారాడ కొండ, ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం వరస, పడమర నరవ కొండలు. మధ్యలో పల్లం. రాత్రి కొండ వాలుల మీద చల్లబడిన గాలి జారుకుంటూ వచ్చి ఈ పల్లంలోనే దిగుతుంది. ఓడరేవు 1933లో, రిఫైనరీ 1957లో, ఎరువుల ఫ్యాక్టరీ 1967లో, అన్నీ వచ్చి ఈ పల్లంలోనే కూర్చున్నాయి. ఓడకి లోతు ఎక్కడుందో చూసుకున్నారు గానీ, పొగకి దారి ఎక్కడుందో చూసుకోలేదని నేను సర్వీసులో ఉన్నప్పుడే అనేవాణ్ణి. అంటే నవ్వేవారు.

మీ నాన్నగారిని ఐదింటికి వెళ్ళనివ్వకండి. ఆ వేళకి స్వచ్ఛంగా అనిపించేది చల్లదనం వల్ల. సూర్యోదయానికి కాస్త ముందే నేల అన్నిటికంటే చల్లగా ఉంటుంది, మూత అన్నిటికంటే గట్టిగా బిగుసుకుని ఉంటుంది.

పాడేరు ఘాట్ | జనవరి 5, ఉదయం 10.41

తాతగారూ, అయితే వంజంగిలో తెల్లారగట్ల మేం చూసే మేఘాల సముద్రం కూడా ఇదేనా? కొండ మీద మనకి ఎండ, కింద లోయంతా తెల్లగా నిండిపోయి ఉంటుంది.

బెలూన్ తాత | జనవరి 5, ఉదయం 11.20

అచ్చంగా అదే. అక్కడ మీరు నిలబడేది మూతకి పైన. ఆ మేఘం పైభాగం కత్తితో కోసినట్టు సమంగా ఉంటుంది చూడండి, ఆ కోత దగ్గరే వెచ్చటి గాలి మొదలు. లంబసింగిలో అంత చలి పడటానికీ ఇదే కారణం. ఎత్తు దాదాపు వెయ్యి మీటర్లే, ఊటీలో సగం కూడా కాదు. కానీ చుట్టూ కొండలు ఉండేసరికి చల్లగాలి దిగి అక్కడే ఆగిపోతుంది.

తేడా ఒక్కటే. అక్కడ మూత కింద ఉన్నది నీటి తుంపర. ఇక్కడ డీజిల్ మసి, సల్ఫర్ డయాక్సైడ్, బొగ్గు ధూళి. అక్కడికి పెట్రోలు పోయించుకుని వెళ్ళి మరీ చూస్తారు, ఇక్కడ ఇంటికే వస్తుంది.

మల్కాపురం మేడ | జనవరి 5, రాత్రి 9.15

తాతగారికి థాంక్స్. ఇంకో టెన్షన్. ఇప్పుడు రెండు యాప్‌లు వేసుకున్నాను. రెండూ ఒకే స్టేషన్ అంటున్నాయి. ఒకటి ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 92, సంతృప్తికరం అంటోంది. ఇంకోటి 149, నారింజ రంగు, ఆయాసం ఉన్నవాళ్ళు జాగ్రత్త అంటోంది. ఏది నమ్మాలి?

లెక్కల మాస్టారు | జనవరి 5, రాత్రి 10.02

రెండూ ఒకే కొలత మీద నుంచి వచ్చి ఉండాలి. పీఎం 2.5, అంటే రెండున్నర మైక్రాన్ల లోపు సన్నటి ధూళి, ఘనపు మీటరుకు 55 మైక్రోగ్రాములు ఉందనుకోండి. మన దేశపు సూచీలో 60 మైక్రోగ్రాములకి 100 మార్కు. కాబట్టి 55కి 92. అమెరికా సూచీలో 35 దాటగానే 100 దాటేస్తుంది, 55కి 149. గాలి ఒకటే, స్కేళ్ళు వేరు.

స్కేళ్ళు ఎందుకు వేరంటే ప్రమాణాలు వేరు. 2009లో మన దగ్గర పెట్టిన ప్రమాణం 24 గంటల సగటుకి 60, ఏడాది సగటుకి 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆ రెండు సగటులకీ తన పరిమితుల్ని 15కి, 5కి దించింది. ఆ లెక్కన చూస్తే మన సంతృప్తి వాళ్ళ పరిమితికి మూడింతలకు పైనే.

ఇంకో రెండు సంగతులు. మన సూచీలో ఎనిమిది రకాల కాలుష్యాలకి విడివిడిగా మార్కు వేస్తారు, వాటిలో ఏది ఎక్కువైతే అదే ఊరి మార్కు. సగటు తీయరు. ఇది మంచి పద్ధతే. రెండోది అంత మంచిది కాదు: ధూళికి 24 గంటల సగటు తీసుకుంటారు. పొద్దున ఏడింటికి మీరు పీల్చింది మధ్యాహ్నం సముద్రపు గాలితో కలిసి సాఫీ అయిపోయి స్క్రీన్ మీదకి వస్తుంది. ఆయాసం ఉన్నవాళ్ళు సూచీ కాకుండా గంట గంటకీ మారే పీఎం 2.5 అంకె చూసుకోవాలి.

గాజువాక గడుసు | జనవరి 6, మధ్యాహ్నం 12.20

అందరూ పొద్దున పొద్దున అంటున్నారు. మా దగ్గర ఏటి, అంతా తిరగేసి ఉంది! ఉదయం ఫరవాలేదు. పదకొండు, పన్నెండు మధ్య ఒక్కసారిగా ఘాటు వాసన దిగుతుంది. కళ్ళు మండుతాయి. ఎండ కాస్తుంటుంది, గాలి కూడా వీస్తుంటుంది. తాతగారి లెక్క ప్రకారం అప్పటికి మూత లేచిపోవాలి కదా? ఓ అరగంట, గంట ఉండి దానంతట అదే పోతుంది. ఇదిగో, ఇప్పుడే పోయింది.

వాల్తేరు స్కాలర్ | జనవరి 6, మధ్యాహ్నం 3.45

గాజువాక గారూ, మీది వేరే జబ్బు. నేను ఈ ఊరి తీరపు గాలి మీదే పరిశోధన చేస్తున్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తే విసుక్కోకండి.

ఎత్తయిన చిమ్నీ రాత్రంతా పొగను మూతకి పైనో, మూతలోనో వదులుతుంది. అక్కడ గాలి నిశ్చలంగా పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి ఆ పొగ కిందికీ దిగదు, పైకీ లేవదు, ఒక పట్టీలా సాగుతుంది. చిమ్నీ పక్కనే ఉన్నవాళ్ళకి ఏమీ తెలియదు.

ఉదయం పది, పదకొండు మధ్య నేల వేడెక్కి సముద్రం నుంచి గాలి మొదలవుతుంది. వచ్చే గాలి చల్లన, అది కూడా పొరలుగానే వస్తుంది. కాలుతున్న నేల మీదికి రాగానే దాని అడుగు భాగం సుడులు తిరగడం మొదలుపెడుతుంది. తీరం దగ్గర ఈ సుడులు తిరిగే పొర చాలా పల్చన, లోపలికి వచ్చేకొద్దీ మందమవుతుంది. తీరానికి దగ్గరున్న చిమ్నీ పొగ మొదట ఆ పొర పైనే ప్రయాణిస్తుంది. కొన్ని కిలోమీటర్లు లోపలికి వచ్చాక పొర ఎత్తు పెరిగి పొగ పట్టీని అందుకుంటుంది. అందుకున్న క్షణం నుంచి సుడులు ఆ పొగని నేలకి దించేస్తాయి. దీన్ని ఫ్యూమిగేషన్ అంటారు. మీరు చెప్పిన వేళ, ఎండ, గాలి, గంటలోపు తగ్గిపోవడం, అన్నీ దానికి సరిపోతున్నాయి. పొర ఇంకా పెరిగి పొగ బాగా కలిసిపోతే వాసన పలచబడుతుంది, లేదా గాలి దిక్కు కొంచెం మారితే పక్క కాలనీకి పోతుంది.

చిమ్నీ ఎత్తు పెంచితే సమస్య తీరిందనుకోవడం తీరప్రాంతంలో సగమే నిజం. దగ్గరివాడికి తీరుతుంది, దూరపువాడికి మొదలవుతుంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. రాత్రి నేల మీద నుంచి సముద్రం వైపు వీచే గాలి మన పొగని సముద్రం మీదికి తీసుకుపోతుంది. అక్కడి నుంచి అది ఎక్కడికీ పోదు. మర్నాడు సముద్రపు గాలి మొదలయ్యాక దానిలో కొంత తిరిగి మనకే వస్తుంది. బీచ్ రోడ్డులో పదింటికి పీల్చే తాజా గాలిలో నిన్నటి ఊరి పొగ ఉండొచ్చు.

కంచరపాలెం కుర్రాడు | జనవరి 6, సాయంత్రం 4.10

ఆర్కే బీచ్‌లో ప్రాణాయామం చేసే బ్యాచ్‌కి ఈ ముక్క ఎవరు చెబుతారు?

షిఫ్ట్ బి | జనవరి 6, రాత్రి 11.50

నేను ఒక ప్లాంట్‌లో పర్యావరణ విభాగంలో పనిచేస్తాను. ఏ ప్లాంటో చెప్పను. మా చిమ్నీకి మీటర్లు ఉన్నాయి, ఆ రీడింగులు ఆన్‌లైన్‌లో నేరుగా కాలుష్య నియంత్రణ మండలికి పోతాయి. రాత్రి ఒకలా, పగలు ఒకలా నడపడం మీరనుకున్నంత ఈజీ కాదు. రోడ్ల మీద దుమ్ము, ఆటోలు, లారీలు, చెత్త తగలబెట్టడం, ఇళ్ళ నిర్మాణం, వీటి గురించి ఎవరూ మాట్లాడరు. మనది తీరం కాబట్టి పీఎం 10లో, అంటే పది మైక్రాన్ల లోపు ధూళిలో, సముద్రపు ఉప్పు కూడా కలుస్తుంది. అన్నిటికీ ఫ్యాక్టరీనే అంటే ఎలా? వాతావరణం మా చేతిలో లేదు కదా.

గాజువాక గడుసు | జనవరి 7, ఉదయం 7.05

వాతావరణం మీ చేతిలో లేదు, సరే. మూత పడే రాత్రి ఏదో ముందు రోజే తెలుస్తుంది కదా? ఆకాశం నిర్మలం, గాలి బలహీనం అని టీవీలో మాకే చెబుతున్నారు. ఆ రాత్రికి లోడ్ తగ్గించడం, దుమ్ము లేచే పని వాయిదా వెయ్యడం ఎవరి చేతిలో ఉంది?

చిమ్నీకి మీటరుంది, సంతోషం. బయట కుప్ప పోసిన బొగ్గుకి మీటరుందా? లారీ మీద కప్పని టార్పాలిన్‌కి ఉందా? పేరు పెట్టి ఎవరినీ అనను గానీ, మా కిటికీ రెక్క మీద వేలితో రాస్తే అక్షరాలు పడతాయి.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలకి మార్కులు వేస్తే మన విశాఖ 70 దాటి, తీవ్ర కాలుష్యం అన్న 43 ప్రాంతాల జాబితాలో పడింది. 2010 జనవరిలో ఆ ప్రాంతాల్లో కొత్త పరిశ్రమలకి, విస్తరణలకి కొంతకాలం అనుమతులు ఆపేశారు. అప్పటికీ ఇవే కొండలు, ఇదే సముద్రం. మార్కులు కొండలకి వేశారా?

వాల్తేరు స్కాలర్ | జనవరి 7, ఉదయం 9.30

ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. సన్నటి ధూళి, వాయువులు పేరుకునేది గాలి ఆగినప్పుడు. కుప్పల మీది ముతక దుమ్ము లేచేది గాలి వీచినప్పుడు. మొదటిది చలికాలం రాత్రుల బెడద. రెండోది ఎండాకాలంలో నైరుతి నుంచి గాలి జోరుగా కొట్టేటప్పుడు ఎక్కువ. కంచరపాలెం వారి అమ్మగారి చొక్కాల బాధకి, మల్కాపురం వారి నాన్నగారి ఆయాసానికి కారణం ఒకటే కాకపోవచ్చు. ముతకది బట్టల మీద, కిటికీల మీద కనపడుతుంది, ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. సన్నది కంటికి విడిగా కనపడదు, ఊపిరితిత్తుల లోతుకి పోతుంది, కొంత రక్తంలోకీ చేరుతుంది.

ఇంకొకటి, సన్నటి ధూళి అంతా పొగగొట్టంలోంచి ధూళిగానే రాదు. సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగా బయటికొచ్చి గాలిలోనే సల్ఫేటుగా మారుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు, అమ్మోనియా కలిసి నైట్రేటు అవుతాయి. చిమ్నీ మీటరులో ధూళి తక్కువ చూపించినా ఊళ్ళో ధూళి పెరగడానికి ఇదొక దారి. షిఫ్ట్ బి గారు చెప్పిన బళ్ళు, చెత్త మంటలు కూడా అంతే నిజం.

షిఫ్ట్ బి | జనవరి 7, మధ్యాహ్నం 2.15

కుప్పల సంగతిలో నేను వాదించను. మూసిన కన్వేయర్లు, నీటి స్ప్రింక్లర్లు, ఎత్తయిన గాలి తెరలు ఉన్నచోట తేడా కంటికే కనపడుతుంది. లేనిచోట గడుసు గారి కిటికీయే సాక్ష్యం. కానీ వాతావరణ సూచన చూసి లోడ్ తగ్గించమనడం అంత తేలిక కాదు. ఫర్నేస్ అంటే స్విచ్ కాదు. ఖనిజం ఎత్తడం, దించడం, యార్డులో డోజర్లు నడపడం మాత్రం వేళ మార్చొచ్చు. అది నేనూ మా మీటింగులో అన్నాను.

లెక్కల మాస్టారు | జనవరి 7, రాత్రి 8.40

2019లో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పెట్టింది. ఆంధ్రప్రదేశ్ నుంచి అందులో 13 ఊళ్ళున్నాయి, విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు వగైరా. ప్రగతిని ప్రధానంగా పీఎం 10 మీద కొలుస్తున్నారు. అందుకే మనకి రోడ్లూడ్చే యంత్రాలు ఎక్కువగా కనపడుతున్నాయి. రోడ్డు ఊడిస్తే పీఎం 10 అంకె తగ్గుతుంది. స్కాలర్ గారు చెప్పిన సల్ఫేటు ఏ చీపురుకి అందుతుంది?

పెందుర్తి రోడ్డు | జనవరి 8, ఉదయం 6.50

మూత అంటే నాకు 2020 మే 7 గుర్తొస్తుంది. ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి లీకైంది కూడా తెల్లవారుజామునే. 12 మంది పోయారు. మే నెల కదా, చలికాలం కాదు. అప్పుడు కూడా ఇన్‌వర్షన్ పాత్ర ఉంటుందా?

వాల్తేరు స్కాలర్ | జనవరి 8, ఉదయం 10.10

స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు. మూత ఉన్నా లేకపోయినా నేలనే పట్టుకుని పాకుతుంది, పల్లానికి దిగుతుంది. దాన్ని చెదరగొట్టాల్సింది గాలి వేగం, ఎండ లేపే సుడులు. తెల్లవారకముందు మే నెలలోనైనా ఆ రెండూ బలహీనంగానే ఉంటాయి. మధ్యాహ్నం రెండింటికి లీకై ఉంటే ఆవిరి ఇంకా త్వరగా పలచబడేది. అలాగని నెపం వాతావరణం మీదికి నెట్టడానికి లేదు. ట్యాంకు వేడెక్కకుండా చూడాల్సింది మనుషులే.

మయూర్ విహార్ తెలుగోడు | జనవరి 8, మధ్యాహ్నం 1.30

ఢిల్లీ నుంచి నమస్కారం. మీరు 55కి కంగారుపడుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఇక్కడ నవంబరులో ఏక్యూఐ 400 దాటితే గానీ స్కూళ్ళకి సెలవివ్వరు. మాకు సముద్రం లేదు, ఉత్తరాన హిమాలయాల గోడ. పంజాబ్, హర్యానాల్లో వరి కొయ్యలు కాల్చే రోజులు, గాలి పడిపోయే రోజులు, దీపావళి, మూడూ ఒకేసారి వస్తాయి.

2025 అక్టోబరు 28న ఐఐటీ కాన్పూర్ వాళ్ళు విమానంతో మేఘమథనం కూడా చేసి చూశారు. మబ్బుల్లో తేమ చాల్లేదు, వాన రాలేదు. మన దగ్గర 2000 దశకంలో అనంతపురం వైపు మేఘమథనం చూసినవాణ్ణి కాబట్టి నాకు ముందే అనుమానం. లేని మబ్బుని ఏం మథిస్తారు? ఢిల్లీలో పొగ పట్టే రోజులంటేనే పొడిగా, నిశ్చలంగా ఉండే రోజులు.

వాల్తేరు స్కాలర్ | జనవరి 8, మధ్యాహ్నం 3.00

మీ పొగలో కొంత మాకూ పంపుతున్నారు లెండి. చలికాలంలో గంగా మైదానం మీద పేరుకున్న పొగమసక గాలులతో ఆగ్నేయంగా కదిలి బంగాళాఖాతం మీదికి దిగుతుంది. ఉపగ్రహ చిత్రాల్లో హిమాలయాల అంచు వెంబడి డెల్టా దాకా, అక్కడి నుంచి సముద్రం మీదికి బూడిదరంగు చార స్పష్టంగా కనపడుతుంది. 1999లో జరిగిన ఇండోఎక్స్ అనే అంతర్జాతీయ ప్రయోగం కూడా మన చుట్టూ సముద్రాల మీద ఈ మసకని కొలిచింది. ఆ రోజుల్లో మా ఊరి సొంత పొగ దాని మీద అదనం.

కంచరపాలెం కుర్రాడు | జనవరి 8, సాయంత్రం 6.25

అయితే తాతగారూ, నీళ్ళ ఫిరంగులతో గాలిలోకి తుంపర కొట్టిస్తే? మొన్న కాస్త జల్లు పడింది, అయినా మర్నాడు మసక అలాగే ఉంది. అది ఎందుకో కూడా చెప్పండి.

బెలూన్ తాత | జనవరి 8, రాత్రి 8.15

జల్లు పడితే రోడ్డు దుమ్ము అణుగుతుంది, ముతకది కడిగేస్తుంది. సన్నటి ధూళి అలా దొరకదు. వాన చినుకు పడుతుంటే దాని ముందున్న గాలి పక్కకి తప్పుకుంటుంది, ఆ గాలితో పాటు మైక్రాన్ లోపు రేణువూ తప్పుకుంటుంది. పదో వంతు మైక్రాన్ నుంచి ఒక మైక్రాన్ దాకా ఉన్నవి వానకి అన్నిటికంటే తక్కువ చిక్కుతాయి. గంటల తరబడి పడే వాన అయితే పనిచేస్తుంది. వానాకాలంలో గాలి బాగుండటానికి వాన ఒక్కటే కారణం కాదు, నైరుతి గాలుల జోరు కూడా.

జల్లు పడి ఆగిపోతే ఒక్కోసారి నష్టమే. నేల తడిగా ఉంటుంది, రాత్రి ఆకాశం తేటపడుతుంది, తెల్లారేసరికి మంచు. ఆ మంచు తుంపర చుట్టూ పొగ చేరి మసక ఇంకా దట్టంగా కనపడుతుంది. నీళ్ళ ఫిరంగి కుప్ప మీద కొడితే ఉపయోగం. ఆకాశం మీద కొడితే ఫొటో బాగా వస్తుంది.

మల్కాపురం మేడ | జనవరి 9, ఉదయం 7.20

మంచు మాట వచ్చింది కాబట్టి. మా పై ఫ్లాట్ ఆయన ఆన్‌లైన్‌లో చిన్న మీటరు తెప్పించారు. ఈ ఉదయం మంచులో 310 చూపించింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేసరికి అందరూ హడలిపోయారు. ప్రభుత్వ స్టేషన్‌లో అదే గంటకి అందులో సగం కూడా లేదు.

వాల్తేరు స్కాలర్ | జనవరి 9, ఉదయం 9.00

ఆ చిన్న మీటర్లు రేణువు మీద పడి చెదిరే కాంతిని బట్టి ధూళిని అంచనా కడతాయి. గాలిలో తేమ 80, 90 శాతం దాటితే రేణువులు నీటిని పీల్చి ఉబ్బుతాయి. మంచు తుంపర కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. మీటరుకి నీరూ ధూళే. స్టేషన్‌లో యంత్రం గాలిని లోపలికి లాగేటప్పుడు కాస్త వేడిచేసి తేమ తీసేస్తుంది. మీటరు పారెయ్యక్కర్లేదు. పొడిగా ఉన్న వేళ అంకెల్ని ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి బాగానే పనికొస్తుంది. తెల్లవారుజాము మంచులో మాత్రం దాన్ని నమ్మి గ్రూపులో పెట్టొద్దు.

సింహాచలం మెట్లు | జనవరి 10, ఉదయం 6.15

చదువుతూ వచ్చాను. తెల్లవారుజామున మూత, మూత అంటున్నారు. ఇక వచ్చే వారం భోగి మంటలు కూడా ఆపెయ్యమంటారు కాబోలు. ఏడాదికి ఒక్క రోజు పండగ చేసుకుంటే ఊరు పాడైపోతుందా? లారీల జోలికి ఎవరూ పోరు, పండగ అనేసరికి అందరికీ సైన్స్ గుర్తొస్తుంది.

గాజువాక గడుసు | జనవరి 10, ఉదయం 7.40

లారీలు, కుప్పలు, చిమ్నీలు అన్నీ పైన అడిగాం అన్నయ్యా, ఓసారి పైకి పోయి చదవండి.

బెలూన్ తాత | జనవరి 10, ఉదయం 9.10

భోగి ఆపమని నేనెందుకు అంటాను? మా ఇంటి ముందు నేనే వెలిగిస్తాను. కానీ వేళ చూడండి. నాలుగింటికి, ఐదింటికి. మూత అన్నిటికంటే కిందికి ఉండే వేళ. ఆ పొగ పైకి లేచిపోదు, తొమ్మిది దాకా వీధిలోనే, మన ఇళ్ళలోనే తిరుగుతుంది. దీపావళి రాత్రికి కూడా ఇదే లెక్క, కాకపోతే అక్టోబరు, నవంబరులో మూత ఇంకా పూర్తిగా బిగుసుకోదు.

నాకు కోపం వచ్చేది మంట మీద కాదు, మంటలో వేసేవాటి మీద. మా చిన్నప్పుడు పిడకల దండలు, ఎండు కొమ్మలు, విరిగిన చెక్క సామాను. ఇప్పుడు టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, ఎన్నికల ఫ్లెక్సీలు. రబ్బరు, పీవీసీ కాలిన పొగ చంటిపిల్లల ముక్కుకి ఎంత దగ్గరో చూడండి. భోగిపళ్ళు పోసేది వాళ్ళకే కదా. అపార్ట్‌మెంటుకొకటి కాకుండా వీధంతటికీ ఒక్కటి, చిన్నది, కట్టె, పిడకలు. పండగకి ఏం లోటు?

సింహాచలం మెట్లు | జనవరి 10, ఉదయం 10.30

టైర్ల సంగతిలో మీతోనే ఉన్నాను. మా కుర్రాళ్ళు రెండు తెచ్చి పెట్టారు, పంక్చర్ షాపుకి తిరిగి పంపిస్తాను. వీధికి ఒక్కటే అంటే ఎవరి గుమ్మం ముందు అన్న గొడవ మీరొచ్చి తీర్చాలి.

మల్కాపురం మేడ | జనవరి 11, రాత్రి 8.50

నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. మొదట ససేమిరా అన్నారు, ఇన్నేళ్ళ అలవాటు. డాక్టరు కూడా అదే చెప్పేసరికి సాయంత్రం నాలుగున్నరకి మార్చుకున్నారు. ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుంటున్నారు. ఆయన ఫోనులో యాప్ పెడితే చూడరు. సముద్రపు గాలి వచ్చిందీ లేనిదీ యాప్ లేకుండా తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా తాతగారూ?

బెలూన్ తాత | జనవరి 11, రాత్రి 9.30

ఉంది. ఏదైనా పొగగొట్టం వైపో, జెండా వైపో చూడమనండి. పొద్దున సముద్రం వైపు వాలే పొగ తిరిగి ఊరి వైపు వాలితే గాలి మారినట్టు. అదే వేళకి ఎండ ముదురుతున్నా వేడి పెరగడం ఆగిపోతుంది, ఒంటికి జిగట తెలుస్తుంది. కొండ స్పష్టంగా కనపడితే బయల్దేరమనండి, కనపడకపోతే ఇంట్లోనే నడవమనండి. చలికాలంలో ఐదున్నర, ఆరు లోపు ఇంటికి చేరాలి. పొద్దు గుంకాక నేల చల్లబడటానికి ఎక్కువసేపు పట్టదు.

గాజువాక వాళ్ళకి ఈ సలహా వర్తించదు. మీరు పదకొండు, ఒంటిగంట మధ్య కిటికీలు వేసుకోండి.

గాజువాక గడుసు | జనవరి 11, రాత్రి 9.48

వేసుకుంటాం. వాసన వచ్చిన ప్రతిసారీ వేళ, గాలి దిక్కు రాసిపెట్టి మండలికి ఫిర్యాదు కూడా పెడతాం. వేళ రాయకుండా వాసన వస్తోందని ఊరికే రాస్తే పక్కన పడేస్తారని ఇక్కడ చదివాకే అర్థమైంది.

వాల్తేరు స్కాలర్ | జనవరి 12, ఉదయం 8.20

గాలి దిక్కు, వేళ రెండూ ఉంటే ఏ వైపు నుంచి వస్తోందో మ్యాపు మీద గీత గీయొచ్చు. వేర్వేరు కాలనీల వాళ్ళు అదే రోజు రాస్తే ఆ గీతలు ఎక్కడ కలుస్తాయో కనపడుతుంది. గాజువాక, మింది, మల్కాపురం, శ్రీహరిపురం వాళ్ళు ఎవరైనా కలుస్తామంటే షీటు ఒకటి తయారుచేస్తాను.

కంచరపాలెం కుర్రాడు | జనవరి 12, ఉదయం 8.41

నన్నూ కలపండి మేడమ్. భోగి తెల్లవారుజామున రీడింగులు కూడా అందులోనే పెడదామా?

వాల్తేరు స్కాలర్ | జనవరి 12, ఉదయం 8.55

పెడదాం. ముందు రాత్రి పది నుంచి మర్నాడు పది దాకా, గంటకొకటి. చిన్న మీటర్లు ఉన్నవాళ్ళు పక్క గడిలో తేమ శాతం తప్పకుండా రాయండి, మీటరుని మంటకి దూరంగా, పొగకి ఎదురుగా కాకుండా పెట్టండి.